కంపబీడును గడ్డిబీడు చేద్దాము



మన మెట్ట గ్రామాలలో ఏ రైతునైనా సాగులో లేని ముక్క ఉన్నదా అని అడగండి. "ఉంది సారూ, వంక అవతల రెండెకరాలు. పిల్లోళ్లు పట్నం పోయిరి, చేసేవాళ్లు లేక కంప పడిపోయె" అంటారు. ఈనాడు నేను ముచ్చటించబోయేది ఆ కంపబీడును గురించే. దానిని గడ్డిబీడుగా మార్చుకుంటే పశువులకు మేత దొరుకుతుంది, నేలమీద గుడ్లు పెట్టే పిట్టలకు చోటూ దొరుకుతుంది.

ఈ కంప అనగా సర్కారు తుమ్మ. 1870 దశకంలో వంటచెరకు కోసమని అమెరికా ఖండం నుంచి విత్తనము తెప్పించి కడప ప్రాంతంలో నాటించారు. దాని కాయలు తియ్యన. మేకలూ పశువులూ తింటాయి. గింజ అరగక పేడలో బయటపడి, పడినచోటల్లా మొలుస్తుంది. దాని గుబురు క్రింద గడ్డి బ్రతకదు. గడ్డి లేనిచోట కౌజు, పూరేడు, తీతువు వంటివి నిలవవు.

గడ్డినేల విలువ తెలియాలంటే నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు చూడవలెను. అది కర్నూలు జిల్లాలో ఉండగా, 1988లో, బట్టమేక పిట్ట కోసమే అక్కడ సుమారు 1,500 ఎకరాల గడ్డిమైదానాన్ని అభయారణ్యముగా ప్రకటించారు. ఈ పిట్ట దాదాపు మీటరు ఎత్తు ఉంటుంది; పెట్ట సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు, అదీ వట్టి నేలమీద పెడుతుంది. అభయారణ్యము చుట్టూ ఉన్న బీళ్లు క్రమంగా పైరు పొలాలైపోయినవి. ఇటీవలి సంవత్సరాలలో ఆ పిట్ట అక్కడ కనిపించడమే అపురూపమైనది. మన రెండెకరాలకు అది తిరిగి వస్తుందని నేను చెప్పను. కాని కౌజులు, పూరేళ్లు, కుందేళ్లు వస్తాయి.

"సారూ, అడవి జంతువులను పిలిచి పైరు మేపమంటారా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వేరుసెనగ చేనును రాత్రికి రాత్రి తవ్విపోసే అడవిపందికి పగలు దాగడానికి కావలసినది దట్టమైన కంప. బయలుగా ఉన్న గడ్డిలో అది పగలు పడుకోదు. కృష్ణజింకలు తిరిగే పల్లెలలో మాత్రం జింక గడ్డికి వస్తుంది, ప్రక్క చేనులోనూ మూతి పెడుతుంది. ఆ మాట దాచడం ధర్మం కాదు. అటువంటి చోట చేనుకు ఆనుకొని ఉన్న ముక్కను కాక, దూరంగా ఉన్న ముక్కను గడ్డికి వదలండి.

ఇక పని ఎట్లా చేయవలెనో చెబుతాను. ముందు నా తప్పు చెప్పుకుంటాను. డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయనకు, కంపను నేలమట్టానికి నరికించమని సలహా ఇచ్చాను. పాపం, కూలి పెట్టి నరికించాడు. మరుసటి ఏడు నేను వెళితే చెయ్యి పట్టుకొని పొలానికి తీసుకుపోయాడు. "చూడు సారూ, నరికించమంటివి. ఒకదానికి పది లేచె గదా!" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. సర్కారు తుమ్మ కొత్త చిగుళ్లు మొదలు దగ్గర, నేల లోపలి మొగ్గల నుంచి వస్తాయి. కాబట్టి జానెడు లోతుకు తక్కువ కాకుండా, వీలైతే మూరెడు లోతున, మొదలుతో సహా పెకలించవలెను.

ఈ పనికి కార్తీక, మార్గశిర మాసాలు అనుకూలము. నేలలో పదును ఉంటుంది, వానకాలపు గూళ్లు ముగిసి ఉంటాయి, వేసవి కాయ ఇంకా పండి రాలదు. కట్టెను బొగ్గుకు అమ్మితే కూలి ఖర్చు కొంత తిరిగివస్తుంది. నరికే ముందు గ్రామ రెవెన్యూ అధికారితో మాట్లాడండి. అది పోరంబోకు అయితే అనుమతి లేనిదే చెయ్యి వేయకండి. రేగు, తంగేడు, జమ్మి మన నేల మొక్కలు; అక్కడొకటి ఇక్కడొకటి ఉండనివ్వండి.

పొలమంతా దున్నకండి. కదిలిన నేలలో వయ్యారిభామ ముందు లేస్తుంది. యూరియా కూడా వద్దు, కలుపుకే బలం. మీ గట్లమీద పండిన గడ్డి గింజను దూసి ఉంచి, తొలకరిలో తడి ఇసుకతో కలిపి చల్లండి. అది చాలకపోతే అంజన్ గడ్డి విత్తనము ఎకరాకు సుమారు 2 కిలోలు చల్లి, కంపకొమ్మతో పైపైన లాగండి. లోతుగా పడితే మొలవదు.

మొదటి ఏడు పశువులను తోలకండి. ఆ తర్వాత కూడా గింజ రాలినాకనే తోలండి. కంపకాయ తిన్న మేకలను అసలే తోలకండి. వాన వెలసిన మరునాడు పొలంలో తిరిగి, జానెడు తుమ్మ మొక్కలను వేరుతో లాగివేయండి. భూమిలో గింజ ఏళ్ల తరబడి ఉంటుంది గనుక ఈ పని మూడు నాలుగేళ్లు విడవకూడదు. ఇక్కడ ఓపిక పట్టనివాడికి రెండెకరాలు మళ్లీ కంపే.

గడ్డి కోసేటప్పుడు పొలం నడుమ నుంచి అంచులకు కోసుకు రండి. పిల్లలతో ఉన్న కౌజు తప్పించుకొనిపోతుంది. సగం కోసి సగం వచ్చే ఏటికి ఉంచండి. నిప్పు మాత్రం పెట్టవద్దు.

ఆ పెద్దాయన రెండోసారి మొదళ్లు తవ్వించాడు. నాలుగో ఏట నన్ను పిలిపించి, గట్టు మీద కూర్చోబెట్టి, "మాట్లాడకు సారూ, విను" అన్నాడు. గడ్డిలో నుంచి కౌజు కూసింది. ఆ ఏడు ఎండాకాలం ఆయన తన ఎద్దులకు మేత కొనలేదు.

మీ ఊరి కంపబీడులో ఈ కార్తీకాన అర ఎకరముతోనైనా మొదలుపెట్టండి. సెలవు.