నికానామా నకలు మీ ఇంట్లో ఉందా?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వకీళ్ళం కాము, ఉర్దూ పంతుళ్ళం. అయినా ఉర్దూ కాగితం చదవాలంటే మా దగ్గరికే తెస్తారు. వాటిలో నికానామాలు ఎక్కువ. ఎప్పుడు తెస్తారు? కాపురం చెడిన తరువాత! కొందరి దగ్గర ఆ కాగితమే ఉండదు. మెహర్ ఎంత రాశారో అమ్మాయికే కాదు, ఆమె తండ్రికీ గుర్తుండదు.

మెహర్ పెళ్ళినాటి మర్యాద మాట కాదు. భర్త మీద భార్యకున్న బాకీ. భర్త పోతే వారసులు ఆస్తి పంచుకోక ముందే అది తీరాలి. నికానామాలో 'ముఅజ్జల్' అని అయిన్ తో రాస్తే అడిగిన వెంటనే ఇవ్వవలసినది. 'మువజ్జల్' అని వావ్ తో రాస్తే గడువు నాడు గాని, తలాక్ నాడు గాని, మరణం నాడు గాని ఇవ్వవలసినది. ఒక్క అక్షరంలో ఇంత తేడా ఉంది.

ఇంకొకటి. ఖులా అడిగిన స్త్రీ మెహర్ వదులుకోవటం వాడుకగా ఉన్నది. కాని భర్త రెండేళ్ళు పోషించకపోయినా, నాలుగేళ్ళు ఆచూకీ లేకపోయినా 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం కింద ఆమె కోర్టులో విడుదల కోరవచ్చును. అట్లా విడిపోతే మెహర్ హక్కు పోదని ఆ చట్టంలోనే రాసి ఉంది. ఈ సంగతి తెలియని ఆడబిడ్డ చేతులారా తన సొమ్ము వదిలేసుకుంటుంది.

భరణం సంగతీ అంతే. 1985లో షాబానో తీర్పు, 1986లో కొత్త చట్టం వచ్చినపుడు ఎంత గొడవ జరిగిందో పెద్దలకు తెలుసు. ఆ గొడవతో, ఇద్దత్ దాటితే ఏమీ రాదని చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. ఇద్దత్ తరువాతి జీవనానికి కూడా సరిపోయే ఏర్పాటు భర్త చేయాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. విడాకులైన ముస్లిం స్త్రీ అందరు స్త్రీలవలెనే 125వ సెక్షను కింద భరణం అడగవచ్చునని, తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో 2024 జూలై 10న తీర్పు ఇచ్చింది. కొత్త స్మృతిలో అది 144వ సెక్షను అయినది.

"వకీలుకు డబ్బెక్కడిది?" అంటారు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెడితే చాలు.

"ఇంటి గుట్టు కచేరీకెక్కించాలా?" అనేవారూ ఉన్నారు. అప్పు రాసుకొమ్మని సూరా బఖరలో అల్లాహ్ ఆజ్ఞ ఉన్నది కదా! రాసిన కాగితం సరిగా ఉంటే సగం తగాదాలు పెద్దల దగ్గరే తీరుతాయి.

కనుక మన సంఘం రెండు పనులు చేయాలని కోరుతున్నాం. నికా నాడే నికానామాను తెలుగులో కూడా చదివి వినిపించాలి. ఖాజీ సాహెబు దఫ్తరు నుంచి నకలు తెచ్చి పెళ్ళికూతురి చేతికే ఇవ్వాలి. కట్నం సామాన్ల జాబితా భద్రంగా దాచుకునే మనం, ఈ ఒక్క కాగితం దాచుకోలేమా?

ఖుదా హాఫిజ్.