పరపతియు, మన కర్తవ్యమును
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ మహాసభయందు పరపతినిగూర్చి కొన్ని మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము గోరిరి. విద్య, వివాహములు, వసతిగృహములు మున్నగు విషయములు ప్రతివత్సరము మన సభలలో చర్చింపబడుచున్నవి. అప్పు మాట మాత్రము సభలో నెత్తుటకు మనవారు సంకోచింతురు. ఇంట నెంత బాధ యున్నను బయటికి జెప్పుకొనరు. ఆ మౌనముచేతనే మన నేత కుటుంబములు కొన్ని చితికిపోయినవి. అప్పుల బాధ కోర్వలేక ప్రాణములు విడిచినవారును గలరు. కావున నేడీ విషయమును దాపరికము లేక విన్నవింప దలచితిమి.

నివాసయోగ్యమగు నూరికి గావలసినవానిలో అప్పిచ్చువానినిగూడ సుమతీశతకకారుడు లెక్కించెను. మన వృత్తికది యథార్థము. నూలు ముందు కొనవలయును. చీర పిదప నమ్ముడు పోవును. నడిమి దినములు గడుచుటకు పెట్టుబడి కావలయును. పూర్వము సాహుకారు మన తండ్రుల నడవడి జూచి నూలును బయానాను నిచ్చెడివాడు. నేటి బ్యాంకు మన ముఖము నెరుగదు. అది 300 మొదలు 900 వరకు గల యొక సంఖ్యను జూచును. దానినే స్కోరందురు.

గడచిన సంవత్సరము మన సభ్యుడొకడు మరి రెండు మగ్గములు వేసికొనుటకై యొక బ్యాంకున దరఖాస్తు పెట్టెను. తన ఫోనులో తాను జూచుకొనగా స్కోరు 760 ఉండెను. బ్యాంకువారు వేరొక సంస్థనుండి తెప్పించిన రిపోర్టులో 655 మాత్రమే యుండెను. అప్పు నిరాకరింపబడెను. ఆతడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, నన్ను దొంగనని వ్రాసిరా?" యని యడిగెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే మా యీ ప్రసంగము.

ఈ సంఖ్య యెచ్చటనుండి వచ్చునో ముందు తెలిసికొందము. మన దేశమున రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన పరపతి సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ 2000 సంవత్సరమున స్థాపింపబడెను. తక్కినవి పిదప వచ్చినవి. 2005 సంవత్సరపు పరపతి సమాచార సంస్థల చట్టము వీనికాధారము. ఇవి ప్రభుత్వ కార్యాలయములు గావు. అప్పులిచ్చు సంస్థలును గావు. బ్యాంకులును ఫైనాన్సు కంపెనీలును బంపిన లెక్కలను తమ చిట్టాలలో నెక్కించుకొని, అడిగిన బ్యాంకునకు జూపుటయే వీని పని. అప్పు నిచ్చుటయు మానుటయు బ్యాంకు చేతిలోనిదే. ఇంత స్కోరు ఉండితీరవలయునని రిజర్వు బ్యాంకు ఎన్నడును విధింపలేదు.

ఇట్టి చిట్టాలవలన మేలు లేకపోలేదు. 2010లో ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థల సంక్షోభము వచ్చినప్పుడు, ఒకే యింటి యిల్లాలికి పలు కంపెనీలు ఒకదాని సంగతి మరొకటి యెరుగక అప్పులిచ్చియుండుట బయటపడెను. ఆమె భరింపగల భారమెంతయో చూచినవారు లేకపోయిరి. చిట్టా సరిగా నున్నచో ఋణదాతకే గాక ఋణగ్రహీతకును రక్షణ గలదు. సరిగా లేనిచో నిరపరాధికి నష్టము గలుగును.

ఇక నాలుగు సంస్థల లెక్కలు వేరు వేరుగ నుండుటకు గారణములు వినుడు. మొదటిది, ఖాతాల భేదము. పూర్వము కొన్ని బ్యాంకులు ఒక సంస్థకే లెక్కలు పంపి యూరకుండెడివి. అన్ని సంస్థలయందును సభ్యత్వము పొందవలయునని 2015 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించెను. ఐనను పాత ఖాతా యొకచోట నుండి మరొకచోట లేకపోవచ్చును. రెండవది, కాలభేదము. లెక్కలు నెలకొకసారి పోవుచుండెడివి; 2025 జనవరి 1 నుండి పక్షమున కొకసారియైనను బంపవలయునని నియమ మేర్పడెను. మనము నిన్న గట్టిన వాయిదా ఒక చిట్టాలో నెక్కి, మరొకదానిలో నెక్కకుండ నుండుట సహజము.

మూడవది, పేళ్ల చిక్కు. ఇది మన తెలుగువారికి విశేషముగ దగిలినది. ఆధారు కార్డులో ఇంటిపేరు ముందుండును, పాన్ కార్డులో వెనుక నుండును, బ్యాంకు పుస్తకములో నొక్క పొడి యక్షరముగ మిగులును. ఇంగ్లీషు లిపిలో ఒకే పేరు మూడు విధముల వ్రాయబడును. అందుచే నొకని ఖాతా రెండుగ జీలుటయు, ఒకే పేరుగల యిద్దరి ఖాతాలు గలిసిపోవుటయు గలదు. నాల్గవది, సూత్రభేదము. వాయిదాలు తప్పకుండుట, క్రెడిట్ కార్డు పరిమితిలో నెంత వాడుకొంటిమి, ఖాతా యెంత పాతది, ఇటీవల నెన్నిచోట్ల అప్పడిగితిమి, ఇవియే యందరును జూచునవి. కాని దేనికెంత విలువ గట్టవలయునో ఒక్కొక్క సంస్థ తన సూత్రము ననుసరించును. ఒకే నూలు నిచ్చినను నలుగురు నేతగాండ్ర చీరలు నొక్క తీరున నుండునా?

మరియొక సంగతి. సాహుకారు బయానా, ప్రోనోటు బాకీ, చేబదులు, ఇంటిచీటీ, ఇవి యీ చిట్టాల కెక్కవు. ముప్పది యేండ్లు మాట తప్పక బ్రతికిన వృద్ధుడుకూడ అచ్చట నొక ఖాళీ పుటయే. ఇట్టివారిని పరపతి చరిత్ర లేదను నొక్క కారణముచే ద్రోసిపుచ్చరాదని 2025లో కేంద్ర ప్రభుత్వము పార్లమెంటునందు దెలిపినది. కావున స్కోరు మన గుణమునకు గొలత గాదని నిశ్చయముగ నమ్ముడు. కొందరు వ్రాసిన కొన్ని ఖాతాల సారాంశమే యది.

అప్పు నిరాకరింపబడినప్పుడు చేయవలసిన పనులు క్రమముగ జెప్పెదము. మొదట, ఆ వారముననే మరి పదిచోట్ల దరఖాస్తులు పెట్టకుడు. బ్యాంకు మన రిపోర్టు జూచిన ప్రతిసారియు నమోదగును. అట్టివి గుంపుగ నున్నచో స్కోరు తగ్గును. మనము స్వయముగ జూచుకొన్న దానికా దోషము లేదు. రెండవది, నిరాకరణకు గారణమును వ్రాతమూలకముగ నడుగుడు. బ్యాంకు తెప్పించిన సమాచారపు ప్రతిని గోరు హక్కు దరఖాస్తుదారునకు 2005 చట్టముననే యున్నది. ఒక్కొక్కప్పుడు కారణము స్కోరు గాక, ఆదాయము చాలమియు, ఉన్న వాయిదాల భారమును గావచ్చును.

మూడవది, నాలుగు సంస్థల రిపోర్టులను దెప్పించి యొక్కచోట బెట్టి పోల్చుడు. సంవత్సరమున కొక పూర్తి రిపోర్టును ప్రతి సంస్థయు నుచితముగ నియ్యవలయునను నియమము 2017 నుండి గలదు. సంఖ్యను విడిచి వరుసలు చదువుడు. మనది గాని యప్పుగాని, తీరినను తీరలేదని చూపిన బాకీగాని కనబడినచో రసీదులు జతపరచి, ఆ బ్యాంకునకైనను ఆ సంస్థకైనను ఫిర్యాదు వ్రాయుడు. ముప్పది దినములలో పరిష్కరింపవలయును. అటుపై జాగు జరిగిన ప్రతి దినమునకు 100 రూపాయలు పరిహారము. ఈ పరిహార నియమము 2024 ఏప్రిల్ 26 నుండి యమలునకు వచ్చెను. అప్పటికిని న్యాయము గలుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. రుసుము లేదు.

వ్రాత నిజమే యైనచో దానిని దుడిచివేయగలవాడు లేడు. సొమ్ము దీసికొని స్కోరు పెంచెదమను దళారులను ఇంటి గడప ద్రొక్కనీయకుడు. బాకీ దీర్చుడు. బ్యాంకువారు కొంత తగ్గించి రాజీ చేసికొందమన్నచో, అప్పుడు రిపోర్టులో పూర్తిగ దీరినట్లు గాక, రాజీ పడినట్లు వ్రాయబడునని ఎరిగి సమ్మతింపుడు. తీరిన పిదప బాకీ లేదను పత్రమును బుచ్చుకొని భద్రపరచుడు. బాకీ మిగిలియున్నను లేకున్నను, ఆతురపడి ఫోనులలోని యప్పు యాపుల వెంట బోకుడు. రిజర్వు బ్యాంకు నియంత్రణలోని ఋణదాతల యాపుల పట్టిక 2025లో దాని వెబ్‌సైటునందు బ్రకటింపబడెను. అందు లేనిదాని జోలికి బోవలదు.

ఇక మన సభ్యుని మాట. రెండు రిపోర్టులను మేము ప్రక్కప్రక్కన బెట్టి చదివితిమి. తక్కువ స్కోరు గలదానిలో రెండు మచ్చలుండెను. ఆతడు మూడేండ్ల క్రిందట దీర్చిన మగ్గపు ఋణ మింకను బాకీ యున్నట్లుండెను. రసీదులు చూపగా అది సవరింపబడెను. రెండవది నిజమే: బావమరిది మోటారుసైకిలు అప్పునకు ఆతడు జామీను సంతకము చేసియుండెను, బావమరిది ఆరు వాయిదాలు తప్పెను. ఆ సంగతి యాతడెరుగడు. జామీనుదారుని బాధ్యత యప్పుదారుని బాధ్యతతో సమానమని 1872 కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. ఇరువురును గూర్చుండి మాటలాడుకొని యా వాయిదాలు గట్టిరి. ఎనిమిది నెలలకు ఆతనికి అప్పు దొరకెను. కోరినంత గాదు, ఒక మగ్గమునకు సరిపడునంత. ఆ మగ్గము నేడు నడుచుచున్నది.

కావున సంఘమునకు రెండు మనవులు చేయుచున్నాము. ప్రతి శాఖయందును చదువుకొన్న యువతీయువకుల నిద్దరిని నియమించి, నెలకొక ఆదివారము సభ్యుల రిపోర్టులను జదివి చెప్పు నేర్పాటు చేయవలయును. ఒకరి రిపోర్టులోని సంగతి మరొకరి చెవిని బడరాదు. రెండవది, బంధుత్వపు మొగమాటమున జామీను సంతకము చేయు నలవాటును మానుకొనవలయును. చేయక తప్పనిచో ఆ యప్పు తనదే యనుకొని ప్రతినెలయు విచారించుకొనవలయును.

"నన్ను దొంగనని వ్రాసిరా?" యని యడిగిన సోదరునకు మా సమాధాన మిది: లేదు, నాయనా. నీ లెక్క నెవరో సగము వ్రాసిరి; తక్కిన సగము వ్రాయించుకొనుట నీ హక్కు, నీకు దోడ్పడుట మా విధి. తెగిన పోగును జూచి నేతగాడు మగ్గము విడిచి పోడు. తెగినచోటు వెదకి, ముడివేసి, మరల నేయును.