చట్టం చూపు బిడ్డ మీదికి మళ్ళిన వైనం

ఈ సాయంత్రం చెప్పుకోబోయే చరిత్రలో మొదటి ఘట్టం మన ఖరగ్‌పూర్‌లోదే.

2004 నవంబరు 27, శనివారం. ఇక్కడి ఐఐటీలో చదువుతున్న ఒక విద్యార్థి బాజీ డాట్ కామ్ అనే అమ్మకాల సైటులో ఒక సరుకు పెట్టాడు. పుస్తకాలు, పత్రికల విభాగంలో, ఈ-బుక్స్ కింద. ధర 125 రూపాయలు. పుస్తకమన్నది పేరుకే. డబ్బు కట్టినవాళ్ళకు ఈమెయిల్లో అందింది ఢిల్లీ బడిపిల్లలిద్దరి అంతరంగిక వీడియో, ఫోనులో తీసింది. అదే రాత్రి ఒకరు కంపెనీకి ఫిర్యాదు చేశారు. అయినా సోమవారం పొద్దుటి దాకా అది సైటులో అలాగే ఉంది. డిసెంబరులో కంపెనీ అధిపతి అవనీశ్ బజాజ్ అరెస్టయ్యారు. సైటు నడిపేవారి బాధ్యత ఎంత అన్న వాదన 2012లో సుప్రీంకోర్టు దాకా సాగింది.

ఆ కేసులో పెట్టిన సెక్షన్లు చూస్తే మనసు కలుక్కుమంటుంది. శిక్షాస్మృతిలో 292, 294. ఐటీ చట్టంలో 67. మూడూ అశ్లీలానికి సంబంధించినవే. 1868 నాటి ఇంగ్లండు తీర్పు నుంచి వారసత్వంగా వచ్చిన కొలత అది: చూసేవాడి మనసు చెడుతుందా, లేదా? తెర మీద కనిపించే పిల్ల బతుకు ఏమైపోతుందన్న ప్రశ్న ఆ సెక్షన్లలో ఎక్కడా లేదు.

ఆ లోటు పూడటానికి ఐదేళ్ళు పట్టింది. 2008లో సవరించి 2009 అక్టోబరు 27 నుంచి అమలుచేసిన ఐటీ చట్టంలో 67-బి సెక్షన్ చేరింది. పిల్లల అశ్లీల చిత్రాలను తయారుచేయడం, పోగుచేయడం, వెతకడం, దింపుకోవడం, పంపడం అన్నీ నేరాలే. మొదటిసారికే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది.

అసలు మలుపు పోక్సోకు 2019లో వచ్చిన సవరణ. నిజమైన బిడ్డకూ దానికీ తేడా తెలియని కంప్యూటర్ బొమ్మ, ఉన్న ఫొటోను మార్చి బిడ్డలా కనిపించేట్టు చేసిన బొమ్మ, రెండూ నిర్వచనంలోకి వచ్చాయి. మాట రాస్తే చిత్రం గీసిచ్చే యాప్‌లు జనం చేతికి అందడానికి మూడేళ్ళ ముందే మన పార్లమెంటు ఆ పని చేసింది. ఇందుకు ఆ సభను మెచ్చుకోవాలి. అమెరికాలో దారి వేరు. నిజమైన బిడ్డ లేని కంప్యూటర్ బొమ్మలనూ నిషేధించిన చట్టభాగాన్ని 2002లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడే కాంగ్రెస్ కొత్త చట్టం తెచ్చినా, రాష్ట్రాలు విడివిడిగా తమ శాసనాలు దిద్దుకోవాల్సి వచ్చింది. కృత్రిమ మేధ చిత్రాలను కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి నేరం కిందికి తెచ్చింది.

మన దగ్గర శాసనం కేంద్రానిది. పోలీసులు మాత్రం రాష్ట్రం చేతిలో ఉంటారు. పోక్సో ప్రత్యేక కోర్టులను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తితో సంప్రదించి ఏర్పాటుచేసేదీ రాష్ట్రమే. 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు, పిల్లల అశ్లీల చిత్రాలను ఒంటరిగా చూసుకోవడానికి దింపుకుంటే నేరం కాదన్నది. సెప్టెంబరు 23న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, దగ్గర ఉంచుకోవడం మీద కూడా చట్టం పట్టు బిగించింది.

మన ఊరి నింపురాలోనో మథురాకాటిలోనో ఒక అమ్మాయి బడి వార్షికోత్సవం ఫొటోను ఎవరో తీసుకుని యాప్‌లో అశ్లీలంగా మార్చేశారనుకుందాం. ఇంట్లోవాళ్ళకు తట్టే మొదటి మాట: "అది అసలు ఫొటో కాదు కదా, కేసు నిలుస్తుందా?" నిలుస్తుంది. 2019 సవరణ అందుకే వచ్చింది. అసలు భయం వేరే ఉంటుంది: రైల్వే కాలనీలో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండదు. పిల్ల పేరు, బడి, ఇల్లు, చిరునామా, ఏవీ పత్రికలు బయటపెట్టరాదని పోక్సో 23వ సెక్షన్ కట్టడి చేసింది. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం నేరమని 21వ సెక్షన్ చెబుతోంది. 20వ సెక్షన్ ఫొటో స్టూడియోలవాళ్ళ మీద కూడా ఆ బాధ్యత పెట్టింది. సాక్ష్యంగా ఉంటుందని ఆ బొమ్మను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం తగదు, అదీ పంపడమే అవుతుంది. బాలల సహాయానికి 1098. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇలాంటి ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు.