దేహభారము - థైరాయిడు పరీక్ష
(గరికపాడున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మేము ఇంటిలోని విషయమొకటి విన్నవింప నిలిచితిమి.

మా యింటి కోడలు రెండేండ్లు ఒంటిపూట భుజించి, వేకువనే నడచినను దేహము తగ్గదయ్యెను. చాటున తినుచున్నదని మేమే పరిహసించితిమి. చలికోర్వలేమి, మలబద్ధము, జుట్టురాలుట, ఎడతెగని బడలిక మా కంటబడలేదు. తుదకు రక్తపరీక్షలో థైరాయిడు మాంద్యము బయటపడెను. ఆ పరిహాసమునకు నేటికిని సిగ్గుపడుచున్నాము.

మెడ ముందుభాగమున సీతాకోకచిలుక యాకృతిలో నుండు గ్రంథియే థైరాయిడు. అది స్రవించు థైరాక్సిను దేహమందలి శక్తివ్యయమును నడుపును. అది కొఱవడినప్పుడు మెదడు క్రిందనున్న పిట్యూటరీ గ్రంథి టి.ఎస్.హెచ్. అను రసమును హెచ్చుగా పంపి థైరాయిడును తొందరపెట్టును. కావున తొలుత చూడవలసినది టి.ఎస్.హెచ్. అది పెద్దలకు సామాన్యముగా 0.4 మొదలు 4 వరకుండును. ప్రయోగశాలను బట్టి కొంత మారును. హెచ్చియున్నచో ఫ్రీ టి4 కూడ చూతురు. బయోటిను మాత్రలు వాడువారు రెండు దినములు ముందుగా వానిని మానవలెను.

మట్టిని పరీక్షింపక ఎరువు చల్లుట నష్టమని, కృషి విజ్ఞాన కేంద్రము గల యీ గ్రామస్థులకు మేము చెప్పనక్కరలేదు. దేహమునకును అదియే న్యాయము.

వైద్యుడు లీవోథైరాక్సిను వ్రాసినచో దానిని పరగడుపున నీటితో, కాఫీకి అరగంటయో గంటయో ముందు మ్రింగవలెను. ఇనుము, కాల్షియము మాత్రలకు 4 గంటల యెడముండవలెను. మోతాదు మార్చిన 6 మొదలు 8 వారములకు మరల పరీక్ష చేయింపవలెను.

ఒక నిజము దాచరాదు. ఈ వ్యాధివలన పెరుగు బరువు సామాన్యముగా 2 మొదలు 5 కిలోలే. అందును హెచ్చుభాగము ఉప్పు, నీరు. మిగిలినది మితాహారముచేతను, నడకచేతను తగ్గవలసినదే. మా కోడలికి తగ్గినది 3 కిలోలే. కాని బడలిక తీరి మనిషి మరల మనిషియయ్యెను. వ్యాధి లేనివారు సన్నబడుటకై ఈ మాత్రలు మ్రింగినచో గుండె లయ తప్పును, ఎముకలు డొల్లబారును.

శ్రీకాకుళమున 1921 లో జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు 1956 లో కాంగ్డా లోయలో పరిశోధన మారంభించి, అయోడిను కలిపిన యుప్పుచే గలగండము తగ్గునని నిరూపించిరి. 1962 లో జాతీయ గలగండ నివారణ కార్యక్రమ మేర్పడెను. అయినను దేహరక్షణశక్తియే గ్రంథిపై తిరుగబడుటచే కలుగు మాంద్యమునకు ఉప్పు చాలదు, మాత్రయే శరణ్యము.

అమ్మలారా! పెండ్లిచూపులనాడు ఆడుబిడ్డల మాత్రలు దాచకుడు, మానిపింపకుడు. గర్భిణి మాత్ర మానినచో శిశువు మెదడునకే హాని. దాతలారా! రాబోవు మహాసభనాడు పేదయింటి స్త్రీలకు ఈ రక్తపరీక్ష చేయింప ముందునకు రండు. పరిహసించిన నోటితోనే ఈ యర్థన చేయుచున్నాము.