మీరేమిటోళ్లని అడిగితే పిల్లలేం చెప్పాలి



తెలుగు క్రైస్తవ సాహిత్య సదస్సుల్లో కీర్తనల గురించి, బైబిలు అనువాదాల గురించి, మిషనరీల నిఘంటువుల గురించి తరచూ మాట్లాడుకుంటాం. ఈసారి నిర్వాహకులు పిల్లలను చర్చకు తెచ్చారు. తామెవరో తెలుసుకునే ధైర్యాన్ని విశ్వాసం పిల్లలకు ఎలా ఇస్తుందన్నది మన ముందున్న ప్రశ్న. నా అభిప్రాయం మొదటే చెబుతాను. మనం పిల్లలకు వాక్యాలు కంఠతా పట్టిస్తున్నాం గాని వాళ్ల కథ వాళ్లకు చెప్పడం లేదు. అందుకే గుడిలో గలగలా వాక్యం అప్పజెప్పే పిల్ల బడిలో ఎవరైనా నిలదీస్తే తల దించుకుంటోంది.

మన ఊళ్లలో కొత్త పిల్లవాడు కనబడితే 'ఎవరబ్బాయివి?' అని అడుగుతారు. తర్వాత కాస్త గొంతు తగ్గించి 'మీరేమిటోళ్లు?' అంటారు. 'మేం క్రిస్టియన్లం' అని పిల్లవాడు చెబుతాడు. అడిగినవాళ్లు ఆ మాటను వెంటనే కులంలోకి మార్చుకుంటారు, వాళ్ల చూపు మారుతుంది. ఆ మార్పు పిల్లవాడు పసిగడతాడు. ఏడెనిమిదేళ్లకే పసిగడతాడు. కాకినాడలో పెరిగిన సుజాత గిడ్ల 2017లో వచ్చిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'లో, చిన్నప్పుడు క్రైస్తవులంటే అంటరానివాళ్లేనని తాను అనుకున్న సంగతి రాశారు. తల్లిదండ్రులు అధ్యాపకులు, ఇంటినిండా చదువు. అయినా ఆ పిల్లకు తన మతమూ తన అవమానమూ ఒకటే అనిపించాయి. ఆ పుస్తకంలోని రాజకీయాలతో, విశ్వాసం గురించిన తీర్పులతో మనం ఏకీభవించనక్కర్లేదు. ఆ పిల్లకు మన సంఘాలు ఏం చెప్పి ఉండాల్సిందన్న ప్రశ్నను మాత్రం తప్పించుకోలేం.

దీనికి తోడు రెండు రిజిస్టర్ల చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది. క్రైస్తవులైన దళితులకు నేటికీ వర్తించలేదు. మన దగ్గర వాళ్లను బి.సి.-సి కింద చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దాంతో ఎన్నో ఇళ్లలో పిల్లలకు గుడి రిజిస్టర్లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. ఆదివారం 'సామ్యూలూ' అని పిలిపించుకున్న పిల్లవాడు సోమవారం హాజరు పట్టీలో మరో పేరుకు 'ప్రెజెంట్ సార్' అంటాడు. ఈ పని చేసిన తల్లిదండ్రులను నిందించడానికి నాకు నోరు రాదు. బిడ్డ చదువు కోసం, ఒక ఉద్యోగం కోసం చేశారు. వాళ్లను ఆ ఇరుకులోకి నెట్టింది చట్టం. నాకు బాధ కలిగించేది ఇంట్లోని మౌనం. ఎందుకు రెండు పేర్లో ఎవరూ వివరించకపోతే, తన ప్రార్థన దాచుకోవలసిన వస్తువని పిల్లవాడు అనుకుంటాడు. పదేళ్ల పిల్లకు ఈ సంగతి చెప్పవచ్చు. చట్టం ఏమంటోందో, దాని మీద న్యాయస్థానాల్లో వాదన ఎందుకు నడుస్తోందో, అమ్మానాన్నలు ఏం ఆలోచించి ఆ పేరు రాయించారో మెల్లగా చెబితే ఆ పిల్ల అర్థం చేసుకుంటుంది.

బైబిల్లో ఇటువంటి పిల్లలు లేకపోలేదు. దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు బబులోను రాజాస్థానానికి తరలిపోయినప్పుడు అక్కడి అధికారి వాళ్ల పేర్లు మార్చాడు. సండే స్కూల్లో ఎవర్ని అడిగినా షద్రకు, మేషాకు, అబేద్నెగో అని తడుముకోకుండా చెబుతారు. అవి రాజాస్థానం పెట్టిన పేర్లు. హనన్యా, మిషాయేలు, అజర్యా అని ఇంట్లో పెట్టిన పేర్లు చెప్పగలిగే పిల్లలు తక్కువ. ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు అగ్నిగుండం దగ్గరికి వెళ్లే ముందు మొదటి అధ్యాయం దగ్గర కాసేపు ఆగాలని నా మనవి. ఆ నలుగురూ పరాయి భాష నేర్చారు, పరాయి విద్యలో మిగతా అందరినీ మించారు, ప్రభుత్వ కొలువు చేశారు, తామెవరో మరచిపోలేదు. రెండు పేర్లతో బతికే మన పిల్లలకు ఇంతకన్నా దగ్గరి కథ నాకు కనబడదు.

ఇక మన సొంత కథకు వస్తాను. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్ర పుస్తకాల్లో మిషనరీ క్లౌ దొర పేరు పెద్దగా కనిపిస్తుంది. ఆయన గొప్పతనాన్ని నేను తగ్గించను. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం ఆయన కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. పిల్లలకు చెప్పాల్సిన ముఖ్య విషయం ఇంకొకటుంది. ఆ రోజు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చిన ఆరుగురూ తెలుగు బోధకులు. 'కూటి కోసం మారినవాళ్లు' అన్న ఎత్తిపొడుపు మన పిల్లలు ఈనాటికీ వింటున్నారు. దానికి వాళ్లు కోపంతో బదులివ్వనక్కర్లేదు, సిగ్గుతో ముడుచుకోనక్కర్లేదు. ఈ కథ తెలిసి ఉంటే చాలు.

అదే ప్రాంతపు తొలి విశ్వాసులు ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ. తోలుపని చేసే కులంలో పుట్టిన పేరయ్య అంతకుముందు యోగసాధన చేసినవాడు, దేవుణ్ని వెతుక్కుంటూ తిరిగినవాడు. తర్వాత భార్యాభర్తలిద్దరూ ఊరూరా నడిచి సువార్త చెప్పారు. ఎమ్మా రాషన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సోయింగ్ సాండల్స్' అన్న పుస్తకంలో ఇటువంటివాళ్ల జీవితాలను ఇంగ్లీషులో రాశారు. ఒక పేదవాడి అన్వేషణ, అతనితో కలిసి నడిచిన భార్య: పిల్లలకు బొమ్మలతో చెప్పదగ్గ కథ ఇంతకన్నా ఏం కావాలి? అయినా వేసవిలో వెకేషన్ బైబిల్ స్కూలు (వి.బి.ఎస్.) పెట్టినప్పుడు మనం పంచే రంగుల పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేవి ఎక్కడివో మంచుకొండలు, రాగిజుట్టు పిల్లలు. అవి చూసి పెరిగిన పిల్ల, దేవుడు తనవంటి ముఖాలను అంతగా పట్టించుకోడేమోనని అనుకుంటే తప్పెవరిది?

మన భాష కూడా మన పిల్లల ఆస్తి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి రచించిన పాటలు దాదాపు రెండు శతాబ్దాలుగా గుళ్లలో మోగుతున్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. ఆ రెండు మాటలు చూపించి, ఇది ఏ రాగమో పాడి వినిపించే ఉపాధ్యాయుడు ఉంటే, క్రైస్తవం పరాయిదన్న మాటకు పిల్లకు తన గొంతులోనే జవాబు దొరుకుతుంది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరిగే మన మనవలకు ఈ పాటలే తెలుగుతో మిగిలిన బంధమవుతున్నాయి. అక్కడి పెద్దలు దీన్ని నాకన్నా బాగా చెప్పగలరు.

వినుకొండలో 1895లో పుట్టిన కవి జాషువా సంగతి మన పిల్లలకు పాఠ్యపుస్తకం చెబుతుంది గాని సగమే చెబుతుంది. 'గబ్బిలం' ఆయనదే, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'క్రీస్తు చరిత్ర' కూడా ఆయనదే. అంటరానివాడని అగ్రవర్ణాలవారు దూరం పెట్టారు. పురాణకథలను పద్యాల్లో రాశాడని మన సంఘాలవాళ్లూ ఆయన్ను మెచ్చలేదు. రెండోది మనం పిల్లలకు చెప్పం. చెప్పాలి. పక్కింటి పండుగను ఎగతాళి చేయడం, ప్రసాదం ఇవ్వబోయిన స్నేహితురాలి మనసు నొప్పించడం విశ్వాసానికి గుర్తని నేర్పితే, ఇతరులను చిన్నబుచ్చి తనను పెద్ద చేసుకునే అలవాటే పిల్లలకు అబ్బుతుంది. ఆ అలవాటుకు మన తాతలు బలైనారు. దాన్ని మనం మన బిడ్డల చేతికి ఇవ్వకూడదు.

జేమ్స్ ఫౌలర్ 1981లో వెలువరించిన 'స్టేజెస్ ఆఫ్ ఫెయిత్' గ్రంథంలో, కౌమారంలో విశ్వాసం చాలావరకు చుట్టూ ఉన్నవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నదిగా ఉంటుందని, దాన్ని తనదిగా చేసుకునే పరీక్ష తర్వాత వస్తుందని వివరించాడు. ఆ పరీక్షలో పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. దేవుడు అందరినీ సమానంగా చేస్తే మన గుడి పల్లెలోనే ఎందుకుంది? ఊళ్లోని గుడిలో రెడ్డి క్రైస్తవులు, మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు ఎందుకు వేరువేరుగా కూర్చుంటారు? వాళ్ల సమాధుల తోటలు ఎందుకు వేరు? 'అటువంటివి అడక్కూడదు, ప్రార్థన చేసుకో' అన్న జవాబుతో ఎందరు పిల్లలు మననుంచి దూరమయ్యారో మనకు తెలుసు. పన్నెండేళ్ల యేసు యెరూషలేము దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలు అడిగాడని లూకా రాశాడు. ఆ బోధకులు విసుక్కోలేదు, ఆశ్చర్యపోయారు.

పెద్దలకు ఇంకొక మాట. తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు అతని అవ్వ లోయినూ తల్లి యునీకేనూ పేరుపెట్టి తలుచుకున్నాడు. మన ఇళ్లలో అటువంటి అవ్వలు ఇంకా ఉన్నారు. సువార్త చెప్పే 'బైబిలు స్త్రీలు'గా పల్లెలు తిరిగినవాళ్లు, అక్షరం రాకపోయినా కీర్తనలన్నీ నోటికి వచ్చినవాళ్లు, ఆసామి 'ఒరే, ఒసే' అని పిలిచిన కాలంలో బిడ్డలకు దేవసహాయం, కరుణమ్మ అని పేర్లు పెట్టి నిండుగా పిలిచినవాళ్లు. వాళ్ల కథలు రికార్డు చేయడానికి ఈనాడు ఫోనుంటే చాలు. ఆ పని మనవళ్లూ మనవరాళ్లే చేస్తే ఇంకా మంచిది. అడిగే పిల్లకు తానెవరో అక్కడే తెలుస్తుంది.

మొదటి సమావేశంలో బాలసాహిత్యంపై పత్రాలున్నాయి. అవి పూర్తయ్యాక అరగంట చర్చకు ఉంచమని నిర్వాహకులను కోరాను. వచ్చే వి.బి.ఎస్. నాటికి పేరయ్య, నాగమ్మల కథ పదేళ్ల పిల్లలు చదువుకునే తెలుగులో, మన పల్లెల బొమ్మలతో పుస్తకంగా రావాలి. రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, అచ్చు ఖర్చు భరించేవాళ్లు ఈ సభలోనే ఉన్నారని నా నమ్మకం. మొదటి పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.