ఒంట్లో బాగుంటే కాలేయం బాగున్నట్టేనా?

 

హెపటైటిస్ బి కి రోజూ టెనోఫోవిర్ గాని, ఎంటెకావిర్ గాని వేసుకునేవారు తరచుగా మమ్మల్ని అడిగే మాట ఒకటుంది: "ఆకలి వేస్తోంది, పని చేసుకుంటున్నాను. ఇంకా పరీక్షలెందుకు సిస్టరమ్మా?"

వైరస్ వల్ల కాలేయం ఏళ్ల తరబడి వాచి ఉంటే లోపల మచ్చలు కడతాయి. దీనినే ఫైబ్రోసిస్ అంటారు. అది ముదిరితే సిర్రోసిస్. చాలావరకు పాడయ్యేదాకా కాలేయం నొప్పి పెట్టదు, కళ్లు పచ్చబడవు. అందుకే పరీక్ష కావాలి.

పూర్వం సూది గుచ్చి కాలేయం ముక్క తీసి చూసేవారు. ఇప్పుడు చాలామందికి ఆ అవసరం లేదు. ఎస్.జి.ఓ.టి., ప్లేట్‌లెట్ల రక్త పరీక్షలతో 'ఏప్రి' అనే లెక్క కడతారు. మరొకటి ఫైబ్రోస్కాన్. వెల్లకిలా పడుకోబెట్టి, కుడివైపు ప్రక్కటెముకల మధ్య చిన్న పరికరం ఆనించి, కాలేయం ఎంత గట్టిపడిందో కొలుస్తారు. మెల్లగా తట్టినట్టుంటుంది. సూది లేదు, మత్తు లేదు. సుమారు 10 నిమిషాల పని. దానికి ముందు కనీసం 3 గంటలు ఏమీ తినకండి. తిని వస్తే అంకె ఎక్కువగా చూపిస్తుంది. కాలేయం బాగా వాచి ఉన్నప్పుడు కూడా అంతే. కాబట్టి ఒక్క అంకె చూసి బెంగపడకండి. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైలులో ఉంచి తెండి. అంకె పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే డాక్టరుగారు చూస్తారు.

మచ్చలు తగ్గుతాయా? తగ్గుతాయి. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, మొదట సిర్రోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి, 5 ఏళ్ల టెనోఫోవిర్ చికిత్స తర్వాత తీసిన ముక్కలో సిర్రోసిస్ కనబడలేదు.

అయితే అంకె తగ్గిందని మందు మానకండి. అందులో కొంత వాపు తగ్గడం వల్ల కూడా కావచ్చు. డాక్టరుగారికి చెప్పకుండా మానేస్తే వైరస్ మళ్లీ విజృంభించి ప్రాణం మీదికి రావచ్చు. మందు మాని పసరు మందులకు పోవద్దు, సారా ముట్టవద్దు. సిర్రోసిస్ వచ్చినవారు అంకె తగ్గినా 6 నెలలకొకసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టుకోవడానికి అది అవసరం. టెనోఫోవిర్ వాడేవారు కిడ్నీ పరీక్ష కూడా మరువకండి.

ఖర్చుకు భయపడి ఆగిపోవద్దు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం క్రింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాలలో మందులు ఉచితం.

మీ చివరి రిపోర్టు మీద తేదీ ఈ రోజే చూడండి. ఏడాది దాటిందా? ఈ వారమే ఆసుపత్రికి రండి. దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను కాపాడును గాక!