పేరు పెట్టి పిలవండి

పొద్దుటి నుంచీ స్నాతకోత్సవం గౌన్లు తొడుక్కుని ఉక్కలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ముప్పై ఏళ్ళుగా టీవీ సీరియళ్ళు రాస్తున్నాను. నాకు ఈ పని నేర్పింది 1977 జనవరిలో అమెరికాలో వరసగా 8 రాత్రులు ప్రసారమైన ‘రూట్స్’ సీరియల్. చివరి భాగాన్ని సుమారు 10 కోట్ల మంది చూశారని లెక్క. నేను చాలా ఏళ్ళ తర్వాత, మా హాస్టల్లో అద్దె క్యాసెట్టు మీద చూశాను. ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి అమ్మిన కుర్రాడు కుంటా కింటే. యజమాని పెట్టిన ‘టోబీ’ అన్న పేరు ఒప్పుకోడు. చేతులు కట్టి వేలాడదీసి, మరో బానిస చేతికే కొరడా ఇచ్చి కొట్టిస్తారు. పేరేమిట్రా అంటే కుంటా అంటాడు. దెబ్బ. మళ్ళీ కుంటా. చివరికి తల వాల్చేసి, టోబీ అంటాడు. గదిలో అందరం ఏడ్చాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పై అంతస్తులో ఒక ఆఫ్రికా విద్యార్థి ఉండేవాడు. రెండేళ్ళుగా ఒకే మెస్సులో తింటున్నాం. అతన్ని ‘నల్లన్న’ అని పిలిచేవాళ్ళం, అదేదో ప్రేమ అనుకుంటూ. పేరు మాత్రం నాకు తెలియదు! మర్నాడు తలుపు కొట్టి అడిగాను. కాసేపు నా మొహంలోకి చూసి, నోటుపుస్తకంలో రాసి చూపించాడు. మూడుసార్లు పలికితే గానీ సరిగా రాలేదు. ఆ తర్వాత నా స్క్రిప్టుల్లో ‘వాచ్‌మన్’, ‘పనిమనిషి’ అని రాసి వదిలెయ్యలేదు. ఒక్క డైలాగున్నా పేరు పెట్టాను.

మీరు సీరీస్‌లన్నీ ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తారట. అదేం చూడ్డం తల్లీ! దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆ మౌనంలోనే కదా మనకు మనం కనబడేది. 2019లో అవా డువర్నే తీసిన ‘వెన్ దే సీ అస్’ మామూలు వేగంతో చూడండి. అది నిజంగా జరిగిన కథ. 1989లో న్యూయార్క్‌లో ఐదుగురు పిల్లలను, పద్నాలుగు నుంచి పదహారేళ్ళ వాళ్ళను, చెయ్యని నేరానికి పట్టుకుపోయారు. వాళ్ళ శిక్షలు రద్దయింది 2002లో. పత్రికలు వాళ్ళను ‘సెంట్రల్ పార్క్ ఫైవ్’ అని ఒకే మూట కట్టాయి. ఈ సీరీస్‌కూ ముందు అదే పేరు అనుకుని, తర్వాత మార్చారు. నాలుగు భాగాల్లో ఒక్కొక్క పిల్లాడికీ ఒక ఇల్లు, ఒక అమ్మ, ఒక పేరు తిరిగొచ్చాయి.

మీలో చాలామంది అమెరికా విమానం ఎక్కుతారు. 2017లో కాన్సాస్‌లో మన హైదరాబాదు ఇంజనీరును కాల్చి చంపినవాడు ముందు ఏ దేశమని నిలదీశాడు. అక్కడ మీకు అది జరగకూడదని మీ అమ్మానాన్నలు ఎంత భయపడతారో, ఇక్కడ చదువుతున్న సూడాన్ పిల్లాడి తల్లీ అంతే భయపడుతుంది.

పొద్దున రిజిస్ట్రారు గారిని ఒకటి అడిగాను. విదేశీ విద్యార్థుల పేర్లు వాళ్ళ చేతనే పలికించుకుని, తెలుగులో రాసిపెట్టుకున్నారు. ఇక పిలుస్తారు, లేవండి.